మంచు కూడ పల్లమెరుగును

“నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు” అనునది మన సామెత. నీరు గడ్డకట్టి మంచైనచో ఆ యెరుక పోవునా? పోదు. గంగోత్రి వద్దనున్న హిమానీనదము చూపులకు నిశ్చలముగ తోచినను, తన బరువునకు తానే లోబడి మెల్లమెల్లగ పల్లమునకు సాగుచునే యున్నది.

ఈ నడకకు నియమమేమి? కేంబ్రిడ్జిలో జాన్ గ్లెన్ అను శాస్త్రజ్ఞుడు మంచుదిమ్మెలపై భారము మోపి, అవి ఎంతెంత కుంగుచున్నవో ఓపికతో కొలిచెను. 1955లో ఆయన ప్రకటించిన ఫలితము విచిత్రమైనది. ఒత్తిడి రెట్టింపైనచో వేగము రెట్టింపు కాదు. సుమారు ఎనిమిది రెట్లగును. చలి హెచ్చిన కొలది ఆ వేగము తగ్గును.

హిమానీనదములకై పుట్టిన ఈ విద్య బృహస్పతి పరివారమునకును పనికివచ్చినది. 1610లో గెలీలియో కనుగొన్న నాలుగు ఉపగ్రహములలో యూరోపా యొకటి. 1979లో వాయేజర్ నౌకలు దాని మంచునేలపై పొడవైన చీలికలను చూపినవి. 1995లో బృహస్పతిని చేరిన గెలీలియో నౌక జరిపిన అయస్కాంత పరిశీలనలు, ఆ మంచు క్రింద ఉప్పునీటి సముద్రమున్నదని గట్టిగ సూచించినవి.

యూరోపా పైపొర సున్నకు దిగువ 160 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో శిలవలె బిగిసియుండును. లోతునకు పోయిన కొలది మంచు వెచ్చనై మెత్తబడును. మరి వెచ్చని మంచు పైకి లేచి, చల్లని మంచు దిగువకు దిగుచున్నదా? ఇది వట్టి కుతూహలము కాదు. వికిరణము వలన ఉపరితలమున పుట్టు ఆక్సిజను ఆ చీకటి సముద్రమును చేరవలెనన్నచో, మంచు కదలవలెను. లేదా పగుళ్ల వెంట దారి దొరకవలెను. అది చేరినచో అచ్చట జీవమునకు అవకాశము హెచ్చును.

అచ్చట మంచును కదలించు ఒత్తిడి స్వల్పము. అది చాలునా? 2001లో గోల్డ్స్‌బీ, కోల్‌స్టెడ్ట్ అను పరిశోధకులు ఈ సందేహమునకు కొంత వెలుగు చూపిరి. మంచు రేణువులు మిక్కిలి సూక్ష్మములైనచో, అవి ఒకదాని ప్రక్క నొకటి జారుటచే, స్వల్పమైన ఒత్తిడికే మంచు సాగునని వారి ప్రయోగములు తెలిపినవి. కాని యూరోపా గర్భములోని రేణువులను చూచినవారు లేరు. ప్రయోగశాలలో కొలుచునది దినములు, మాసములు. ఉపగ్రహము నడచునది లక్షల సంవత్సరములు. ఈ అంతరమును శాస్త్రజ్ఞులు మరువరాదు, మరువలేదు.

2024 అక్టోబరు 14న బయలుదేరిన యూరోపా క్లిప్పర్ నౌక 2030లో బృహస్పతిని చేరవలసియున్నది. అది రేడారుతో మంచు లోతులను తరచి చూచును. విద్యార్థులారా, అది పంపు చిత్రములను మీరు చూచునాడు, ఆ గీతలను చదువుటకు వలసిన అక్షరాభ్యాసము ఒక చిన్న మంచుదిమ్మెపై జరిగినదని జ్ఞప్తియందుంచుకొనుడు.