ఇంటి నుంచే పట్టా: మా అక్క లెక్క

ఈ మధ్య మన హాస్టల్లో ఒక మాట తరచుగా వినబడుతోంది. ఫైనలియర్ అన్నలు కొందరు, "ముందు ఏదో ఒక ఉద్యోగంలో చేరిపోతాం, ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఆన్‌లైన్లో కట్టేస్తాం, పోటీ పరీక్షలకీ పనికొస్తుంది" అంటున్నారు. ఆ "కట్టేస్తాం" అనే మాట దగ్గరే నాకు పేచీ. ఫీజు కట్టడం పది నిమిషాల పని. ఆ తర్వాత సంగతేమిటో మా ఇంట్లో రెండేళ్ళుగా చూస్తున్నాను గనక, నాకు తెలిసినంత మట్టుకు ఇక్కడ రాస్తున్నాను. నేను బి.యస్సీ. వాణ్ణి, పరిపాలనా శాస్త్రం నా సబ్జెక్టు కాదు. తప్పులుంటే ఆ శాఖ లెక్చరర్లు మన్నించాలి.

చదివేది మా అక్క. డిగ్రీ అయింది, పెళ్ళయింది, 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుంది. బావది వ్యవసాయం. మూడెకరాల మిరప, రెండెకరాల పత్తి, రెండు గేదెలు. నాలుగేళ్ళ పిల్ల. ఇన్ని పెట్టుకుని మళ్ళీ చదువేమిటని మా నాన్న అననే అన్నాడు. అక్క జవాబు చెప్పలేదు, ఫీజు కట్టింది.

ఇలా ఇంటి దగ్గర వుండి చదివే చదువుకీ, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌కీ మన తెలుగునాట ఒక పాత చుట్టరికం వుంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే మొదలైంది. అప్పుడు దాని పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1991 నుంచి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. దానికి మొదటి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి గారు. ఆయన ఉస్మానియాలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఆచార్యులు. 1985లో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికీ మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. కాలేజీకి రాలేని వాడి దగ్గరికి కాలేజీయే వెళ్ళాలన్న ఏర్పాటు చేసినవారు పరిపాలన చెప్పే మాస్టారు కావడం నాకు సబబుగానే తోస్తుంది.

ఇప్పుడు ఆ కాలేజీ సెల్‌ఫోన్లోకి వచ్చేసింది. ఆన్‌లైన్ కోర్సంటే వీడియోలు మాత్రమే అనుకోకండి. యు.జి.సి. లెక్క ప్రకారం అందులో నాలుగు భాగాలు వుండాలి. వీడియో పాఠం, చదువుకునే పాఠం, సందేహాలు చర్చించే చోటు, మదింపు. మార్కుల్లో అసైన్‌మెంట్ల వంటి వాటికి నూటికి ముప్పై మించకూడదు, మిగతాదంతా చివరి పరీక్ష. గుర్తింపు వున్న సంస్థ ఇచ్చిన ఇలాంటి డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరులో యు.జి.సి. మరోసారి స్పష్టం చేసింది. "గుర్తింపు వున్న" అన్న మాట కింద గీత గీసుకోండి. ఆ కోర్సుకి, ఆ సంవత్సరానికి అనుమతి వుందో లేదో డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో జాబితాలో చూసుకోకుండా డబ్బు కట్టవద్దు. ఇంజనీరింగ్, వైద్యం, వ్యవసాయం వంటివి ఈ పద్ధతిలో చెప్పడానికి వీల్లేదు. వ్యవసాయం తెర మీద నేర్చుకునేది కాదని వాళ్ళకీ తెలిసినట్టుంది! ఇంకొక సంగతి, 2022 ఏప్రిల్ నుంచి ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతి ఇచ్చారు. మనలో ఎవరైనా బి.యస్సీ.తో పాటు ఇంకొకటి చేద్దామనుకుంటే రూలు అడ్డం రాదు. అడ్డం వచ్చేది గడియారం.

ఆ గడియారం లెక్కే మొన్న వేసవి సెలవుల్లో అక్క ఇంట్లో కూర్చుని వేశాను. ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల చదువు. ఆమె కోర్సు 80 క్రెడిట్లు, అంటే 2400 గంటలు. రెండేళ్ళకి 104 వారాలు. భాగిస్తే వారానికి 23 గంటలు వచ్చింది. ఇక వారంలో వుండేవి 168. ఆరు రోజుల ఆఫీసు 48, బస్సుకీ ఆటోకీ 9, నిద్ర రోజుకి ఆరు చొప్పున 42, వంట, పిల్ల, గేదెలు, గిన్నెలు, బట్టలు కలిపి 35, తిండికీ స్నానానికీ 14. కూడితే 148. మిగిలింది ఇరవై. ఆ ఇరవైలోనే పెళ్ళిళ్ళు, జ్వరాలు, చుట్టాలు, ఊరికే కాసేపు కూర్చోవడం. కావలసింది ఇరవై మూడు. "అంటే నేను మొదణ్ణుంచీ తప్పే గదా రాసింది" అని నవ్వింది అక్క. నాకు నవ్వు రాలేదు. మొదటి ఏడాది ఆమె నాలుగు పేపర్లు కట్టి రెండే పాసయింది. తనకి బుర్ర లేదనుకుని కుమిలిపోయింది. బుర్ర కాదు, మూడు గంటలు తక్కువ.

ఆ మూడు గంటల్ని మొదట్లో ఆమె నిద్రలోంచి లాగింది. నాలుగు గంటలే పడుకుని తెల్లవారుజామున చదివేది. నెల తిరక్కుండానే ఆఫీసులో ఒకరి ఆధార్ నంబరు ఇంకొకరి దరఖాస్తుకి ఎక్కించింది. ఆ తర్వాత వంట చేస్తూ ఫోన్లో పాఠాలు వినడం మొదలెట్టింది. పోపు మాడింది, పాఠమూ నిలవలేదు. చెవిలో పడినదంతా చదువు కాదని నా అభిప్రాయం.

అసలు దెబ్బ డిసెంబరులో తగిలింది. ఈ పరీక్షలు పెట్టేవాళ్ళకి పొలం క్యాలెండరు తెలిసినట్టు లేదు. జూన్‌లో ఒకటి, డిసెంబరులో ఒకటి. జూన్ అంటే దుక్కులు, విత్తనాలు; డిసెంబరంటే పత్తి తీతలు. దానికి తోడు ఆ ఏడాది ఒక పేపరు ఒకటో తేదీన పడింది. ఒకటో తేదీ సచివాలయం వాళ్ళకి ఇంటింటికీ తిరిగి పింఛన్లు పంచే రోజు, తెల్లవారకముందే బయల్దేరాలి. అక్క టైమ్‌టేబులు ఆలస్యంగా చూసుకుని మూడు రోజుల ముందు సెలవడిగితే పైవాళ్ళు కుదరదన్నారు. తప్పు కొంత ఆమెది కూడా. ఆ రోజు నలభై ఇళ్ళు తిరిగి, సాయంత్రం ఇంటికొచ్చి పుస్తకాలన్నీ అట్టపెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కించేసిందట. బావ కూడా "పోనీలే, వదిలెయ్" అన్నాడు. నెలా పదిహేను రోజులు ఆ పెట్టె దిగలేదు.

దించింది మా అత్తమ్మ, అంటే బావ వాళ్ళమ్మ. ఆవిడ బడికెళ్ళింది రెండో తరగతి దాకానే. "కట్టిన డబ్బులు నీళ్ళపాలు చేస్తావా" అన్నదట. కారణం అదేనో ఇంకేమన్నానో గానీ, అప్పట్నుంచి సాయంత్రం ఎనిమిది దాకా పిల్ల ఆవిడ దగ్గరే. పాలు పితికి కేంద్రానికి తీసుకెళ్ళడం బావ తీసుకున్నాడు. ఆ 35 గంటలు 26 అయ్యాయి. గంటలు ఎక్కణ్ణుంచీ పుట్టవు, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారతాయంతే. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో నా గంటలన్నీ ఎవరి చేతుల్లోంచి వచ్చాయో ఆ లెక్క వేస్తున్నప్పుడే నాకు తట్టింది. ఆ సెలవుల్లో ఆదివారాలు నేను వండాను. పప్పు సంగతి అడగవద్దు.

రెండోది, కోర్సుని సాగదీసింది. రెండేళ్ళ ఎం.ఏ.కి నాలుగేళ్ళ దాకా గడువుంటుందని కాగితాల్లో వుంది, మనమే చదవం. నాలుగేళ్ళకి పరిస్తే వారానికి పదకొండున్నర గంటలు చాలు.

చదివే తీరు విషయంలో మాత్రం నా సైన్సు కాస్త అక్కరకొచ్చింది. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల ముక్కలు బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరచిపోతాడో తన మీద తనే ప్రయోగం చేసుకున్నాడు. మరుపు మొదటి గంటల్లోనే జోరుగా వస్తుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. ఒకే రోజు పదిసార్లు చదివినదాని కన్నా రోజుల మీద విడదీసి చదివినది ఎక్కువ నిలుస్తుంది. ఇది చెప్పాక అక్క ఆదివారం ఆరు గంటలు ఏకబిగిన చదవడం మానేసి రోజుకి గంటన్నర పెట్టుకుంది. ఒక చిన్న శీర్షిక చదవడం, పుస్తకం మూసెయ్యడం, పాత క్యాలెండరు కాగితం వెనక అయిదు ముక్కలు రాయడం. రెండు రోజుల తర్వాత చూడకుండా మళ్ళీ రాయడం.

సబ్జెక్టు కూడా ఆమెకి కలిసొచ్చిందనే చెప్పాలి. 1937లో లూథర్ గులిక్ యాజమాన్యం చేసే పనుల్ని ఏడుగా విడగొట్టి మొదటి అక్షరాలతో పోస్డ్‌కార్బ్ అని పేరు పెట్టాడు. ప్రణాళిక, వ్యవస్థీకరణ, సిబ్బంది, నిర్దేశం, సమన్వయం, నివేదన, బడ్జెటు. "పత్తి తీతకి కూలీల్ని పిలవడంలో ఈ ఏడూ వున్నాయి" అంటుంది అక్క. 73వ రాజ్యాంగ సవరణ గురించి రాయాలంటే ఆమెకి గైడు అక్కర్లేదు, ఊళ్ళో గ్రామసభ వుంది. అన్నిటికన్నా ఆమెకి నచ్చినవాడు హెర్బర్ట్ సైమన్. మనిషికున్న సమాచారమూ, సమయమూ పరిమితం గనక, అన్నిటికన్నా ఉత్తమమైన దాని కోసం వెతకడు, సరిపోయే దాని దగ్గర ఆగుతాడు అంటాడాయన. 1978లో ఆర్థికశాస్త్రం నోబెల్ కూడా వచ్చింది. అది చదివిన రోజు నుంచి అక్క ఫస్ట్ క్లాసు మాట ఎత్తడం మానేసింది. ఇల్లు కూడా అద్దంలా వుండటం లేదు.

ఇప్పుడు మూడో ఏడు. వచ్చే జూన్‌లో రెండు పేపర్లు. పరీక్షల తేదీలు రాగానే సెలవు చీటీ రాసిస్తానని ఇప్పట్నుంచే అందరికీ చెబుతోంది. అప్పటికి నా సెమిస్టరు అయిపోతుంది గనక పిల్లని చూసే పని నాది. దుక్కులు మొదలైతే పొద్దున్నే పాలకేంద్రానికి ఎవరు వెళ్ళాలన్నది మాత్రం నాకూ బావకీ ఇంకా తేలలేదు.