బాగోతం నుంచి మంగళం దాకా: ఆటపాటలు ఇచ్చిన పలుకుబళ్లు

వంత పాడటం, మంగళం పాడటం, తెర వెనుక ఉండి నడపటం, వేషాలు వేయటం... తెలుగు జాతీయాల్లో ఒక పెద్ద గుంపు ఆటపాటల నుంచే వచ్చింది. ఒకప్పుడు ఇవన్నీ గుడి ముందో ఊరి నడుమ పందిట్లోనో జనం కళ్లెదుట జరిగిన పనులు. రాత్రంతా కూర్చుని చూసినవాళ్లు ఆ పనుల పేర్లను ఇళ్లకు తెచ్చుకున్నారు. ఇరుగుపొరుగు తగాదాలకూ పంచాయతీలకూ పెళ్లి సంబంధాలకూ వాటినే అన్వయించుకున్నారు.

వంత సంగతి చూడాలంటే బుర్రకథ దగ్గరికి వెళ్లాలి. బుర్రకథ దళంలో ముగ్గురుంటారు. నడుమ కథకుడు తంబుర భుజాన వేసుకుని, వేలికి అందె తొడిగి, అడుగులేస్తూ కథ నడుపుతాడు. అటూ ఇటూ గుమ్మెట్లు వాయించేవారు వంతలు. కథకుడు చరణం ముగించగానే ఇద్దరూ 'తందాన తాన' అని అందుకుంటారు. ఎవరేమన్నా ఔననేవాణ్ణి 'వాడు తాన అంటే వీడు తందాన' అనటం ఇక్కడి నుంచి వచ్చిందే. అయితే ఈ జాతీయం వంతకు కొంత అన్యాయమే చేసింది. అసలు బుర్రకథలో వంత తలాడించే మనిషి కాదు. ఒక వంత హాస్యం పలికిస్తాడు. రెండో వంత లోకం తీరునూ రాజకీయాన్నీ కథలోకి లాగుతాడు. ఇద్దరూ కథకుణ్ణి ఆపి ప్రశ్నలు వేస్తారు. గుంటూరు ప్రాంతం నుంచి వచ్చి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ కథల్లో ఈ ప్రశ్నలే సభను కట్టిపడేసేవి.

సంగీతం ఇచ్చినవీ తక్కువేం కాదు. గొంతు తంబుర శ్రుతిలో నిలిస్తేనే పాట. మాట హద్దు దాటినప్పుడు 'శ్రుతిమించి రాగాన పడింది' అంటారు. పిల్లవాడు ఏడుపు లంకించుకుంటే 'రాగం తీస్తున్నాడు' అంటారు. ఉత్సవంలో ప్రమాదం జరిగితే పత్రికలు 'అపశ్రుతి' అని రాస్తాయి. మద్దెల గురించి రెండు సామెతలున్నాయి. ఆడటం రానివారు 'మద్దెల ఓడు' అని సాకు చెప్పారన్నది ఒకటి. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నదన్నది రెండోది. రోలుకు దెబ్బలు ఒక వైపే, మద్దెలకు రెండు వైపులా. మద్దెలను కళ్లారా చూడనివారికి ఈ సామెతలోని బాధ సగమే అందుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ దూరం ప్రయాణించిన మాట బాగోతం. భాగవతం పోతన తెలుగు చేసిన పురాణం. కృష్ణకథలను ఊరూరా ఆడిన కూచిపూడి వారికి భాగవతులనీ, వారి ఆటకు భాగవతమనీ పేరు వచ్చింది. జనం నోట అది బాగోతమైంది. తెలంగాణలో చిందు కళాకారుల ఆట చిందు బాగోతం. అంత భక్తితో మొదలైన మాట ఇవాళ 'వాడి బాగోతం బయటపడింది' అన్నచోట దొంగతనానికో మోసానికో మారుపేరు. 'నాటకాలాడకు', 'వేషాలు వేయకు', 'కథలు చెప్పకు' అన్నవీ ఇదే దారి పట్టాయి. ఏళ్ల తరబడి సాధన చేసి నేర్చిన విద్యలను అబద్ధానికి పర్యాయపదాలు చేయటం న్యాయం కాదు.

ఆ విద్య ఎంతటిదో తెలియాలంటే కూచిపూడి వారి భామాకలాపంలో సత్యభామ ప్రవేశం చూడాలి. ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడతారు. తెర మీదుగా ముందు జడ ఒక్కటే కనబడుతుంది. పాండిత్యంలో తనను ఓడించగలవారుంటే వచ్చి ఆ జడ కోయవచ్చునని సభకు సవాలు. కూచిపూడి నటుడు వేదాంతం సత్యనారాయణశర్మ కట్టిన సత్యభామ వేషం చూసినవారెవరూ 'వేషం' అన్నమాటను తేలిగ్గా వాడలేరు. పట్టిన తెర, తీసిన తెర, దించిన తెర అన్నీ నేడు పత్రికా శీర్షికల్లోనే ఎక్కువగా కనిపిస్తున్నాయి.

సంస్కృత నాటకం నుంచి వచ్చిన మాటలు చదువుకున్నవారి ద్వారా వాడుకలోకి దిగాయి. నాటకం మొదట్లో చదివే ఆశీస్సు నాంది, చివర పలికే శుభాకాంక్ష భరతవాక్యం. రసాభాస అలంకారశాస్త్రపు మాట. ప్రేమ ఒకవైపే ఉన్నా, అనుచితమైన చోట కలిగినా అది రసం కాదనీ, రసంలా కనబడే ఆభాస మాత్రమేననీ ఆలంకారికులు తేల్చారు. ఇప్పుడు కుర్చీలు విసురుకున్న సభను రసాభాస అంటున్నారు. హరికథ, కచేరీ మంగళంతో ముగుస్తాయి. అందుకే ప్రభుత్వం ఒక పథకాన్ని ఎత్తేస్తే దానికి 'మంగళం పాడారు' అంటారు. అయిపోయిందన్న మాట పలకటం తెలుగువారికి ఇష్టముండదు. ఇంట్లో బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అనేది ఆ మనసే.

చదువు, సినిమా కూడా ఇలా పలుకుబళ్లు ఇచ్చాయి. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో రంగమెక్కి, 1897లో అచ్చయింది. అప్పటి నుంచి మాటలతో బురిడీ కొట్టించేవాడు ఆ నాటకంలోని గిరీశమే. 1957 నాటి 'మాయాబజార్'లో పింగళి నాగేంద్రరావు అస్మదీయులకు జంటగా తస్మదీయులను సృష్టించారు. వ్యాకరణం ప్రకారం 'తదీయులు' అనాలి. జనం మాత్రం పింగళి మాటనే పట్టుకున్నారు.

ఈ సంపదను పోగుచేసినవారూ ఉన్నారు. కెప్టెన్ కార్ 1868లో తెలుగు సామెతలను అచ్చు వేయించాడు. తరువాత నాళం కృష్ణారావు, బూదరాజు రాధాకృష్ణ జాతీయాలకు పుస్తకాలు కూర్చారు. పుస్తకం అర్థం చెప్పగలదు గానీ గుమ్మెట మోతను వినిపించలేదు. 'వంత పాడు అంటే సమర్థించు' అని పిల్లల చేత బట్టీ పట్టించే తెలుగు మాస్టార్లు దగ్గరలో ఉన్న బుర్రకథ దళాన్ని ఒక పూట బడికి పిలిపించాలి. దళానికి ఆ పూట కూలీ గిట్టుతుంది, పిల్లలకు వంత అంటే ఏమిటో ఎదురుగా కనిపిస్తుంది.