వరిగడ్డితో బొగ్గు: ముందు ఒక పీపాతో పరీక్ష

కృష్ణా డెల్టాలో కోతయంత్రములు వచ్చిన పిమ్మట గడ్డివాములు తగ్గినవి. కూలీలు కోసిన గడ్డి వాము చేరెడిది. యంత్రము కోసిన గడ్డి పొలములోనే చెల్లాచెదరుగా పడుచున్నది. వెంటనే మొక్కజొన్న వేయదలచిన రైతు దానికి నిప్పు పెట్టుచున్నాడు. టన్ను గడ్డిలో సుమారు 5, 6 కిలోల నత్రజని ఉండును. మంటలో అది దాదాపు అంతయు గాలిపాలగును. పొగ గ్రామముపై నిలుచును.

ఈ గడ్డిని బొగ్గుచేసి అమ్మవచ్చును గదా, పంచాయతీ తరఫున బట్టీ పెట్టింతమా అని సభలో ఎవరైన అడుగవచ్చును. ధనము వెచ్చించుటకు ముందు పెరటిలో ఒక పీపాతో పరీక్షించి చూడవలసినదని మా మనవి.

అట్టి పరీక్షకు మేము విజయవాడ ఆటోనగరు నుండి 200 లీటర్ల పాత నూనెపీపాను తెచ్చితిమి. 1966లో ఏర్పడిన ఈ వాడలో లారీల బాడీలు కట్టువారికిని వెల్డింగు పనివారికిని కొదువలేదు. పురుగుమందులు నిలువచేసిన పీపా పనికిరాదు. నూనెపీపాను గ్యాసుమంటతో కోయుటకు ముందు శుభ్రముగా కడిగి నీటితో నింపవలెను. లేనిచో లోపలి ఆవిరి అంటుకొని పీపా పేలగలదు.

పీపా అడుగున రంధ్రములు చేయించి, మూడు ఇటుకలపై నిలిపి, బాగుగా ఎండిన గడ్డిని చిన్న చిన్న కట్టలుగా కట్టి బిగువుగా కూరితిమి. నిప్పు పైనుండి పెట్టవలెను. మొదట దట్టమైన తెల్లని పొగ వచ్చును; అది పలుచబడి నీలివర్ణము దాల్చినపుడు గడ్డి బొగ్గయినదని గుర్తు. తత్‌క్షణము మూతవేసి, ఇటుకలు తీసి, అంచులన్నియు తడిమట్టితో మెత్తవలెను. గాలి చొరకూడదు. మొదటిసారి మేము తొందరపడి సాయంకాలమే మూత తీసితిమి. మరుక్షణమే బొగ్గు రాజుకొని, తెల్లవారునప్పటికి బూడిద మిగిలినది. రెండవసారి ఒక రాత్రియంతయు కదల్చలేదు. పదికిలోల గడ్డికి రెండుకిలోల బొగ్గు వచ్చినది.

ఆ రెండుకిలోలును మంచి బొగ్గేనా? కాదు. వరిగడ్డిలో ఇసుకజాతి సిలికా అధికము. గడ్డిబొగ్గులో మూడవవంతు, ఒక్కొక్కప్పుడు అంతకుమించి, బూడిదయే. కట్టెబొగ్గంత వేడి దీనికి లేదు. కమ్మరి కొలిమికి ఇది తగదు; బూడిద కరగి కిట్టముగా గడ్డకట్టి గాలిదారిని మూయును. ఇంటి కుంపటికి మాత్రము పనికివచ్చును. బొగ్గును పొడిచేసి, పదికిలోలకు కిలో పిండితో కాచిన గంజి కలిపి, ఉండలుచేసి ఎండబెట్టవలెను. తలుపులు మూసిన గదిలో ఈ కుంపటిని ఎన్నడును ఉంచరాదు. వాసనలేని విషవాయువు నిద్రలోనే ప్రాణము తీయును.

పుణెలోని ‘ఆర్టి’ అను సంస్థ చెరకాకుతో ఇట్టి బొగ్గుచేయించి 2002లో ఆష్డెన్ బహుమతి పొందినది. అయితే చెరకాకును పశువులు అంతగా తినవు. వరిగడ్డి మన పాడికి ఆధారము. గడ్డిని పీపాలో వేసి, వేసవిలో గేదెలకు గడ్డి కొనుట తెలివి కాదు. కావున పశువులకు చాలినంత వాము వేయగా మిగిలినదే, తడిసి చెడినదే బొగ్గుకు తీయవలెను.

మా అభిప్రాయములో ఈ బొగ్గు పొయ్యికంటె నేలకు ఎక్కువ మేలు. గడ్డిలోని పొటాషు చాలవరకు బొగ్గులో నిలిచియుండును; పెంటకుప్పలో కలిపి కూరమడులకు వేయవచ్చును. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థవారు నూనెపీపాలోనే పత్తికట్టె, కందికట్టె, ఆముదపుకట్టెలను బొగ్గుచేసి నేలలో కలుపు పద్ధతిని రూపొందించిరి. కుంపటికి బొగ్గు కావలెనన్నను ఈ కట్టెలే మేలు. నందిగామ వైపు పత్తికట్టెకు కొరత లేదు.

పరీక్షకు పూనుకొను సభ్యులు గడ్డిని, బొగ్గును, గంజిపిండిని కాటాపై తూచి పుస్తకములో వ్రాసికొనవలెను. పనిచేసినవారి కూలిని అందులోనే చేర్చవలెను. గాలివీచు దినమున నిప్పు పెట్టరాదు. పీపా గడ్డివాములకును పాకలకును దూరముగా ఉండవలెను. రెండు బిందెల నీరు చేరువలో ఉంచుకొనవలెను.