ఇంటికి కొత్త చొక్కా

ఉద్యోగం నుంచి దిగిన మనిషికి చేతిలో నాలుగు డబ్బులూ, బోలెడంత తీరికా ఉంటే మొదట కన్ను పడేది ఇంటి గోడల మీదే. నా విషయంలోనూ అదే జరిగింది.

తెనాలిలో మా ఇల్లు తాతగారు 1938లో కట్టించారు. ఇటుకా, గానుగ సున్నమూ, పైన బంగళా పెంకూ. పక్కింటికీ మాకూ మధ్య గోరింట కంచె. కంచె మధ్య రాకపోకలకు ఒక వెదురు తడిక.

2021 వేసవిలో దానికి కొత్త రూపు తేవాలని సంకల్పించాను. బయటి గోడల సున్నం గీకించి, సిమెంటు పూయించి, నిగనిగలాడే రంగు కొట్టించాను. కంచె నరికించి 7 అడుగుల ప్రహరీ లేపాను. బురద బాధ లేకుండా ముంగిలీ, పెరడూ కలిపి 100 చదరపు మీటర్ల నేలంతా సిమెంటు చేయించాను.

"ఇంటికి కొత్త చొక్కా తొడిగారండీ!" అన్నారు చూసినవాళ్లు. మా ఆవిడ మాత్రం, "ఇక ఆషాఢంలో గోరింటాకు కొనుక్కోవాలి కాబోలు" అని ఊరుకుంది.

ఆషాఢం రానే వచ్చింది. ఒక రాత్రి 2 అంగుళాల వాన కురిసింది. తెల్లవారి చూస్తే వీధిలో మా గుమ్మం ముందు చెరువు! కాగితం, కలం తీసి లెక్క కట్టాను. చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు. 2 అంగుళాలంటే సుమారు 50 మిల్లీమీటర్లు. అంటే నా పెరటి మట్టి తాగవలసిన 5000 లీటర్లు ఒక్క రాత్రిలో వీధిపాలయ్యాయన్నమాట. వాన నీటిని ఇంకించుకోవాలని 2002లో చట్టమే వచ్చింది. నేనేమో ఇంకే నేలను డబ్బిచ్చి మూయించాను.

కార్తీకానికి గోడల వంతు వచ్చింది. పడకగదిలో మోకాలెత్తు దాకా చెమ్మ. దాని మీద తెల్లటి ఉప్పు పొడి. ఒక ముసలి మేస్త్రీని పిలిపించాను. ఆయన గోడ తట్టి చూసి నవ్వాడు.

"నూలు చొక్కా విప్పి వానకోటు తొడిగారు బాబూ! పునాదిలోంచి ఎక్కే చెమ్మ సున్నంలోంచి బయటికి ఆరిపోయేది. సిమెంటు దారి మూసేసింది. అది ఇప్పుడు మీ గదిలోకి వస్తోంది."

ఇవి డబ్బుతో తీరే నష్టాలు. మూడోది అలాంటిది కాదు.

పక్కింటి పిన్నిగారికి 78 ఏళ్లు. ఒంటరి మనిషి. పొద్దున్నే ఆవిడ తడిక దగ్గరకు వచ్చి, "ఏమ్మా, కాఫీలయ్యాయా?" అంటే గాని మా ఇంట తెల్లవారేది కాదు. గోడ లేచాక ఆ పలకరింపు ఆగింది. మార్గశిరంలో ఒకనాడు ఆవిడ నూతి చప్టా మీద జారిపడ్డారు. గోడకు ఈవల నేను కుర్చీలో పేపరు చదువుకుంటున్నాను. పాలవాడు వచ్చి చూసేదాకా, సుమారు గంటసేపు, ఆవిడ అక్కడే ఉన్నారు. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక చూడబోయాను. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. "గోడ గట్టిగా కట్టించావు నాయనా" అన్నారు. అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే మేస్త్రీకి కబురంపాను. ప్రహరీని 3 అడుగులకు దించి, పాత తడిక ఉన్నచోట దారి తెరిపించాను. గోడ వెంట గోరింట కొమ్మలు నాటాము. నడవడానికి బాట మాత్రం ఉంచి, తక్కిన సిమెంటంతా పెళ్లగించాము. పునాదికి దూరంగా ఇంకుడు గుంట తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ఇసుక పోశాము.

గోడల పని నిదానంగా సాగింది. సిమెంటు పూత ఒలిపించి ఒక వేసవంతా ఆరనిచ్చాము. తరువాత 1 పాలు సున్నం, 3 పాళ్లు ఇసుక. కరక్కాయ, బెల్లం నానిన నీళ్లతో కలిపి పూశారు. సున్నానికి తొందర పనికిరాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మెల్లమెల్లగా మళ్లీ రాయి అవుతుంది. అందాకా రోజూ తడుపుతూ కాపాడుకోవాలి.

చేయించినదానికంటే చెడగొట్టించినదానికే ఎక్కువ ఖర్చయింది. మీరూ ఇంటికి మెరుగులు దిద్దబోతుంటే, మేస్త్రీని పిలిచే ముందు ఒక్కసారి ఆలోచించండి: గోడలోని చెమ్మ ఎటు పోతుంది? వాననీరు ఎటు పోతుంది? పక్కింటివారి కేక ఎందాకా వినిపిస్తుంది?

పిన్నిగారు ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నారు. మొన్న ఆషాఢంలో మా ఆవిడ కొత్త కంచె నుంచి గోరింటాకు కోసి, రుబ్బి, ఆవిడ చేతులకు పెట్టింది. "ఈ వయసులో నాకెందుకే!" అంటూనే ఆవిడ రెండో చెయ్యి కూడా చాపారు.