పార్ట్‌టైమ్ వైద్యులు: దీవులలో ఆస్పత్రి నిర్వాహకుల దృష్టి

ఉత్తర అండమాన్‌లో ప్రధాన పట్టణం డిగ్లీపూర్. దీవులలోని పెద్దాస్పత్రి అయిన గోవింద వల్లభ పంత్ ఆస్పత్రి మాత్రం, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నది. రోడ్డు మార్గాన ఈ రెండింటి మధ్య దూరం సుమారు 300 కిలోమీటర్లు. జారవాల రక్షిత ప్రాంతం గుండా వాహనాలు నిర్ణీత వేళలలో, పోలీసుల వెంట, బారుగా మాత్రమే సాగవలసి ఉంటుంది. అందుచేత పార్ట్‌టైమ్ వైద్యుడు అన్న మాటకు హైదరాబాదులో ఒక అర్థం, డిగ్లీపూర్‌లో మరొక అర్థం ఏర్పడుతున్నాయి.

పసిబిడ్డల పెంపకం, వృద్ధులైన తల్లిదండ్రుల సేవ, ఉన్నత విద్య వంటి కారణాల వలన కొందరు వైద్యులు తక్కువ గంటల పనిని కోరుకుంటారు. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవలో శిక్షణలో ఉన్న వైద్యులు సైతం ఇందుకు దరఖాస్తు చేసుకొనవచ్చును. ఖాళీగా ఉన్న పదవి కంటె వారానికి రెండు రోజులు లభించే అనుభవజ్ఞుడు మేలని నిర్వాహకుడు భావించడం సహజం. అయితే రాత్రి విధుల భారమంతా మిగిలినవారిపై పడునేమో అన్న శంక కూడ అంతే సహజం.

లెక్క చూడండి. వారానికి 168 గంటలు. ఒక్కొక్కరు 48 గంటలు పనిచేసినచో, రేయింబవళ్ళు ఒక వైద్యుడు అందుబాటులో ఉండుటకు కనీసం నలుగురు కావాలి. 24 గంటలే పనిచేసినచో ఏడుగురు కావాలి. పైగా సిజేరియన్ శస్త్రచికిత్సకు ప్రసూతి నిపుణురాలు, మత్తుమందు నిపుణుడు ఒకే సమయాన ఉండితీరాలి. ఒకరు సోమవారం, మరొకరు గురువారం వచ్చినచో ఇద్దరికీ జీతం ముడుతుంది గాని తల్లికి చికిత్స అందదు.

పనిని విభజించుకొనుటకు మన దేశంలోనే మార్గాలున్నాయి. 2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ప్రైవేటు నిపుణుల సేవలను ఒప్పందంపై పొందుటకు వీలు కల్పించింది. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో పరీక్షలు జరుపుతారు. ప్రైవేటు వైద్యులు స్వచ్ఛందంగా పాల్గొనవచ్చును. తేదీ ముందే తెలియడం ఇందులోని బలం.

గర్భిణుల పరీక్షలు, ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్సలు, దూరవైద్య సలహాలు పార్ట్‌టైమ్ విధానానికి అనువైనవి. అత్యవసర చికిత్స, కాన్పు అట్టివి కావు. వాటికి స్థానికంగా నివసించే పూర్తికాల వైద్యుడే ఆధారం. వచ్చిపోయే నిపుణుడు రోగి వివరాలను స్పష్టంగా వ్రాసి ఆయనకు అప్పగించి వెళ్ళాలి.

వైద్యుడు ఎన్ని గంటలు పనిచేస్తాడన్నది సగం ప్రశ్న మాత్రమే. ఆయన లేని గంటలలో రోగి ఎవరి సంరక్షణలో ఉంటాడన్నది మిగిలిన సగం. ఈ రెండవ ప్రశ్నకు సమాధానం సిద్ధం చేసుకొన్న నిర్వాహకునికే పార్ట్‌టైమ్ వైద్యుని సేవ సార్థకమవుతుంది.