సావిట్లో జీపు

మా గోదావరి జిల్లాల్లో పెద్ద లోగిలి వున్న ఇంటికి వెడితే, పశువుల సావిట్లో ఓ మూల, కొబ్బరి డొక్కల గుట్టకీ పాత నాగలికీ నడుమ, టార్పాలిన్ కప్పుకుని ఒక జీపు కనిపించడం వింతేమీ కాదు. దాన్ని గురించి అడిగితే ఇంటివారు చెప్పే మాట కూడా ఒకటే. "ఆయ్, బండి నిక్షేపంలా వుందండి. బేటరీ ఒక్కటి వేస్తే లేచి పరుగెడుతుంది." మరి పదిహేనేళ్ళుగా ఆ బేటరీ ఎవరూ ఎందుకు వెయ్యలేదని అడగడం మర్యాద కాదు.

అలాంటి బండిని కొనవచ్చునా, కూడదా? కొనేముందు ఏం చూడాలి? గత వేసవి నుంచీ ఈ ప్రశ్న నన్ను పట్టుకుని వదలలేదు. నాలాంటివారు మరికొందరు వుండకపోరు గనుక, నాకు తెలిసివచ్చిన సంగతులు చెబుతాను.

ముందు జీపంటే మనవాళ్ళకింత మోజు ఎందుకో చెప్పాలి. 1940లో అమెరికా సైన్యం తనకొక తేలికపాటి బండి కావాలని కోరితే పుట్టిన వాహనమిది. 1941 మొదలు 1945 దాకా విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా తయారు చేశాయి. మహీంద్రావారు 1947లో ఆ విల్లీస్ జీపులను మన దేశానికి తెచ్చి బిగించడం మొదలుపెట్టారు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకాలు వచ్చాయి. వాటితో బ్లాకు జీపు వచ్చింది. 1959 నవంబరు 1న పంచాయతీ సమితులు వచ్చాయి; వాటితో సమితి ప్రెసిడెంటుగారి జీపు వచ్చింది. వూళ్ళోకి జీపొచ్చిందంటే పిల్లలు వెనకాల పరుగెత్తేవారు, పెద్దలు పైపంచ సవరించుకునేవారు. అలా అధికారానికీ జీపుకీ ముడి పడిపోయింది. సొంతానికి ఒక జీపు కొనుక్కున్న ఆసామీ ఆ అధికారంలో తానూ కాస్త వాటా కొనుక్కున్నట్టే భావించేవాడు.

దర్జా మాట అలా వుంచితే, డెల్టాలో దానికి అసలైన పనీ వుండేది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేయించాడు. ఆ నీరు పారే కాలువలకు గట్లే మనకు దారులు. నాలుగు వానలు పడితే ఆ ఒండ్రు మట్టి బంకలా పట్టేస్తుంది. ఎడ్లబండి దిగబడినచోట జీపు ముందు చక్రాలు కూడా లాగుతాయి గనుక గట్టెక్కేది. నది అడ్డం వస్తే పంటు మీదికి ఎక్కించేవారు. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన వచ్చిందే 2002లో!

నాకు కావలసిందీ ఆ పని కోసమే. వైనతేయ పాయ వైపు లంకలో మాకో చిన్న కొబ్బరితోట వుంది. ఆషాఢం నుంచి కార్తీకం దాకా అక్కడికి కారు పోదు. కొత్త నాలుగు చక్రాల లాగుడు బండి పదిలక్షల పైమాట. ఇంతలో అక్కడికి దగ్గరి వూళ్ళోనే 1971 నాటి జీపు ఒకటి అమ్మకానికి వున్నదని తెలిసింది. లక్షన్నర చెబుతున్నారు. కబురు తెచ్చినాయన "ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే కదండీ" అన్నాడు. మా ఆవిడ లోపలినుంచి, "ఏనుగుకైతే మేతే పెట్టాలి. దీనికి మేతా పెట్టాలి, వైద్యమూ చేయించాలి" అన్నది. ఆ లక్షన్నరా ఇంటి పైకప్పు బాగు చేయించడానికి మేము దాచుకున్న డబ్బులోనిది. అందుచేత ఆ మాటను తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు.

రావులపాలెంలో షెడ్డు నడిపే ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్ళాను. జీపు యజమానురాలు డెబ్బయి అయిదేళ్ళ పెద్దావిడ. భర్త పోయి చాలా కాలమయింది. కొడుకులిద్దరిలో ఒకరు హైదరాబాదు, ఒకరు అమెరికా. ఆవిడ ముందుగానే చెప్పేసింది: "కాటావాడు వచ్చి తూకానికి ఇరవై ఎనిమిది వేలిస్తానన్నాడు నాయనా. ఆయన నడిపిన బండిని ముక్కలు చేయించడం నావల్ల కాదు. నడుపుకునేవాళ్ళకే ఇస్తాను."

మేస్త్రీ టార్పాలిన్ తీసి బానెట్టు ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. సున్నం గోడ మీద మట్టిరంగు గీత ఒకటి ఈ చివరినుంచి ఆ చివరిదాకా తీర్చినట్టు వుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగినప్పుడు లంకలు మునిగాయే, ఆనాటి గుర్తు అది. టేపు పెట్టి కొలిస్తే ఇరవై రెండు అంగుళాలు. జీపు చక్రం నడిబొడ్డు పధ్నాలుగు అంగుళాల ఎత్తున వుంది. అంటే ముందు వెనక ఇరుసులు రెండూ నీళ్ళలో నానాయన్నమాట. గేరుబాక్సు అడుగు కూడా తడిసే వుండాలి.

మన ప్రాంతంలో నిలిచిపోయిన బండిని చూసే పద్ధతి ఇదేనట. ముందు గోడను చూడు, తరవాత బండిని చూడు. ఇరుసులకు గాలి ఆడేందుకు చిన్న రంధ్రం వుంటుంది. బండి మునిగితే నీరు దాని గుండానే లోపలికి దూరుతుంది. మేస్త్రీ కిందికి దూరి వెనక ఇరుసు బిరడా విప్పాడు. నల్లగా రావలసిన నూనె పాలెక్కువైన టీ రంగులో కారింది. నీరు కలిసిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఆ పళ్ళూ బేరింగులూ విప్పి చూస్తే తప్ప ఎంత చెడిందీ చెప్పలేము.

తరవాత చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడవునా వైద్యుడు రోగి వీపు మీద తట్టినట్టు తట్టుకుంటూ పోయాడు. టంగుమని మోగితే ఇనుము గట్టిగా వున్నట్టు. మొద్దుగా పలికితే లోపలినుంచి తుప్పు తినేసినట్టు. కమానుకట్టలు బిగించే చోట్లా, వెనక అడ్డకమ్మీ దగ్గరా మరీ మరీ కొట్టాడు. వెనక ఎడమ మూల ఒక్కచోట మొద్దుగా పలికింది గాని, తక్కినదంతా మోగింది. "బతికించారండి" అన్నాడు. బండి నేల రేకు మాత్రం చెయ్యి దూరేంత చిల్లు పడి వుంది. నేను కంగారు పడ్డాను. అతను నవ్వి, రేకు పని చవకేననీ, ఛాసిస్ పోతేనే బండి పోయినట్టనీ చెప్పాడు.

టైర్ల మీద చివరి నాలుగంకెలు 3207. అంటే 2007లో ముప్పై రెండో వారంలో తయారైనవి. చూడ్డానికి గాడి పోలేదు గాని రబ్బరు నెర్రెలిచ్చింది, పనికిరావు. బ్రేకు నూనె గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది గనుక చక్రాల దగ్గర సిలిండర్లు బిగుసుకుపోయి వుంటాయి. వైర్లు ఎలుకలపాలు. ఇవన్నీ మార్చుకునే సామానే. లెక్కలో వేసుకుంటే సరి.

"బేటరీ తెచ్చాను, ఓసారి స్టార్టు చేసి చూద్దామా?" అన్నాను.

"వద్దండి మాస్టారూ. ఇన్నాళ్ళు పడుకున్నదాన్ని ఒక్కసారిగా లేపితే నడుం విరుగుతుంది."

పిస్టన్ రింగులు సిలిండరు గోడలకు తుప్పుతో అతుక్కుని వుంటే, బలవంతంగా తిప్పడంతోనే విరుగుతాయట. ముందు సిలిండర్లలో కాస్త నూనె పోసి నాలుగు రోజులు నాననిచ్చి, పానాతో చేత్తో తిప్పి చూడాలి. అప్పటికీ టాంకులోని పాత ఇంధనం పారబోసి కడగాలి. అమ్మేవారు "ఇదుగో, స్టార్టయింది చూడండి" అని హడావిడిగా చూపించారంటే సంతోషించడానికి ఏమీ లేదు.

అన్నీ అయ్యాక బానెట్టు ఎత్తాడు. ఎత్తి, "ఇది దీనిది కాదండి" అన్నాడు. 1971 నాటి సి.జె. 3బి జీపులో వుండవలసింది హరికేన్ అనే 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను. ఆ ఇంజను పొడుగుదవడం వల్లే ఈ రకానికి బానెట్టు అంత ఎత్తుగా వుంటుంది. ఇక్కడున్నది మహీంద్రావారు తరవాతి కాలంలో తమ జీపుల్లో వాడిన ప్యూజో డీసెలు. పెట్రోలు ఖర్చు భరించలేక అలా మార్పించుకున్నవారు ఎందరో వున్నారు. పెద్దావిడను అడిగితే, అవును, పాతికేళ్ళ కిందట ఆయనే మార్పించారన్నది. బిల్లు? లేదు.

సి-బుక్కు భోషాణంలోంచి తెచ్చింది. పుస్తకం భద్రంగా వుంది. అందులో ఇంజను పెట్రోలు అనే వుంది. ఇక్కడ అసలు చిక్కు మొదలయింది.

చదువరులు ఈ భాగం కాస్త ఓపికగా చదవాలి. చాలా బేరాలు గాలి పీల్చేది ఇక్కడే. సొంత బండి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు నడుస్తుంది. తరవాత అయిదేసి ఏళ్ళకు పరీక్ష చేయించి పొడిగించుకోవాలి. ఈ బండికి 2011తో గడువు అయిపోయింది. పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 కాస్తా 5,000 అయింది. ఇరవయ్యేళ్ళు దాటిన కార్లూ జీపులకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. గడువు దాటిన ప్రతి నెలకూ 500 అదనం అన్న నిబంధన కూడా 2022లో వచ్చిందే. కాబట్టి ఏ బేరమైనా సరే, కట్టవలసిన మొత్తం ఎంతో రవాణా కార్యాలయంలో లెక్క కట్టించుకున్న తరవాతే ధర మాట్లాడాలి. పోయినాయన పేరు మీద వున్న బండి ముందు వారసుల పేరికి మారాలి. దానికి 31వ నంబరు ఫారం. అది పోయిన మూడు నెలల్లోగా పెట్టుకోవలసింది, వీరు పెట్టలేదు. పాత పుస్తకం వివరాలు కంప్యూటరులోకి ఎక్కాయో లేదో కూడా చూసుకోవాలి. సి-బుక్కులో తూర్పు గోదావరి జిల్లా అని వుంది. ఆ వూరు 2022 ఏప్రిల్ నుంచి కోనసీమ జిల్లాలో వుంది.

ఇవన్నీ తిరిగితే అయ్యే పనులే. ఇంజను మార్పిడి అలా కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ప్రకారం అలాంటి మార్పు అధికారుల అనుమతితో సి-బుక్కులో రాయించుకోవాలి. బిల్లు లేని ఇంజను ఏ బండిదో, ఎవరి బండిదో చెప్పేదెవరు? పోనీ, యాభై ఏళ్ళు దాటిన బండ్లను వింటేజి వాహనాలుగా నమోదు చేసే పద్ధతి 2021లో పెట్టారు కదా అంటే, అవి తయారైననాటి రూపంలోనే వుండాలి. పైగా వాటిని రోజువారీ పనులకు వాడకూడదు. కొబ్బరికాయలు మోయించుకుంటానంటే ఒప్పరు.

పాత జీపుల బేరం మహామహులనే ముంచింది లెండి. 1948లో కాశ్మీరు యుద్ధ సమయాన లండన్‌లో మన హైకమిషనరుగా వున్న కృష్ణ మీనన్ దాదాపు 80 లక్షల రూపాయలకు జీపుల ఒప్పందం చేస్తే, వచ్చినవి 155. అవీ పనికిరానివని తేలింది. పార్లమెంటులో ఏళ్ళ తరబడి గోల జరిగి 1955లో ఫైలు మూశారు. ఒక దేశమే తట్టుకోవలసి వచ్చిన దెబ్బకు మా ఇంటి పైకప్పును ఒడ్డడం నాకిష్టం లేకపోయింది.

"పిన్నిగారూ, ఈ ఇంజనుతో మాత్రం నేను తీసుకోలేనండి" అని చెప్పేశాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. కాసేపాగి, "పాతది పారేయనివ్వలేదు నాయనా ఆయన. అరుగు మీద గోనెల కింద వుంది చూడు" అన్నది.

మేస్త్రీ నా వంక చూశాడు. అరుగు రెండున్నర అడుగుల ఎత్తు. వరద దాన్ని అంటలేదు. గోనెలు తీసి, నీళ్ళ పంపు దగ్గరున్న దిమ్మె మీద ఇసుక కాగితంతో రుద్దితే అంకెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. నేను సి-బుక్కు పట్టుకుని చదువుతుంటే అతను వేలితో తడిమి చెప్పాడు. చివరి అంకె దాకా సరిపోయింది. ఛాసిస్ నంబరు కూడా కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది చూసుకున్నాం. అదీ సరిపోయింది.

మేస్త్రీ లెక్క ప్రకారం పెట్రోలు ఇంజను విప్పి బోరు చేయించి, ఇరుసులు, బ్రేకులు, టైర్లు, రేకు పని అన్నీ కలిపి లక్షా ఎనభై వేలు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ వుంటుంది గనుక పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చాలి. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందో మా ఆవిడకు నేనింకా చెప్పలేదు. ఆవిడ అడిగింది మాత్రం ఒక్కటే: "పైకప్పు ఎప్పుడు?" తోట మీద వచ్చే ఏటి దింపుల డబ్బు దానికని రాసి ఇచ్చాను. కాగితం ఆవిడ దగ్గరే వుంది.

లక్షా పదివేలకు మాట కుదిరింది. బండి ముందు పెద్దావిడ పేరికి మారాలి, రుసుములు ధరలోంచి తీసెయ్యాలి, అప్పుడు గాని డబ్బు చేతులు మారదు. బయానా కూడా ఇవ్వలేదు. హైదరాబాదు కొడుకు ఫారం పెట్టాడు. అమెరికా కొడుకు సంతకం రావాలి. ఈలోగా మేస్త్రీ వెళ్ళి పాత ఇంజను సిలిండర్లలో నూనె పోసి వచ్చాడు. మొన్న ఆదివారం పానా వేసి తిప్పితే పావు చుట్టు కదిలిందట.