మూత తెరచిన కెటిలు

హైదరాబాదులోని ఒక పాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్లలకు ఉష్ణమును గూర్చి బోధించుచు, విద్యుత్ కెటిలులో నీరు మరుగగానే అది తనంత తానే ఆగిపోవుటకు లోపల నొక ఉష్ణనియంత్రకము కలదనియు, నీటి వేడి నూరు డిగ్రీలు చేరిన క్షణమున అది విద్యుత్తును త్రుంచివేయుననియు, ఇరువది సంవత్సరములుగా చెప్పుచు వచ్చిన మాటనే ఆనాడును ధీమాగా చెప్పితిని. వెనుక బల్ల మీది బాలిక యొకతె లేచి, "మా ఇంట్లో మూత తెరిచి పెడితే ఆగదు మాస్టారూ, అలా మరుగుతూనే ఉంటుంది. అప్పుడూ నీళ్ళ వేడి అంతే కదా, మరి ఎందుకు ఆగదు?" అని యడిగినది. నాకు సమాధానము తోచలేదు. రేపు చెప్పెదనంటిని. ఉపాధ్యాయుల నిఘంటువులో 'రేపు' అను పదమునకు గల అర్థము పిల్లలకు తెలియనిది కాదు గనుక వారు నవ్విరి.

ఆ సాయంకాలము మా వంటయింట మూత తెరచి మీట నొక్కి నిలుచుంటిని. నీరు సన్నగా రొదపెట్టి, అడుగున గింజలవంటి బుడగలు లేచి, కొంతసేపటికి కళపెళ మరిగి తెర్లుచున్నను కెటిలు ఆగలేదు. గోడలు చెమర్చినవి, నా కళ్ళజోడు మసకబారినది. అప్పుడు మూతను వేసితిని. పట్టుమని పది క్షణములు గడువకముందే లోపల టక్కుమని శబ్దమయినది; దీపమారినది. బాలిక చెప్పినది అక్షరాల నిజము. అటకమీద నడుగంటి మూలబడియున్న పాత కెటిలును దింపి, మరచుట్టు చీలలను విప్పి చూచినగాని నా ఇరువది సంవత్సరముల తప్పిదము నాకు బోధపడలేదు.

నేననుకొనిన చోట, అనగా నీటికి సమీపమున, ఉష్ణమును కొలుచుచు మరుగుకై కాచియుండు సాధనమేదియు లేదు. లోపలి గోడపై, పిడి మొదలువద్ద, మూతకు కొంచెము దిగువగా నొక సన్నని చీలిక కలదు. దానినుండి బయలుదేరిన గొట్టము పిడి వెంట క్రిందికి దిగి, మీటను తాకియున్న వేలిగోరంత లోహపురేకు నొద్ద ముగిసినది. అనగా ఈ యంత్రము నీటి వేడిని తెలిసికొనుటయే లేదు. ఆవిరికొరకు ఎదురు చూచుచున్నది. నీరు మరుగుటకు పూర్వము పైకి లేచు ఆవిరికి గొట్టములోని గాలిని నెట్టుకొని పోవు బలము లేదు. మరుగు మొదలయిన పిమ్మట సంగతి వేరు: 1500 వాట్ల కెటిలు సెకనుకు సుమారు గ్రాములో మూడింట రెండువంతుల నీటిని ఆవిరిగా మార్చగలదు, అది లీటరుకు మించిన ఆవిరి. మూత మూసియున్నప్పుడు ఆ ఆవిరి గాలిని తరిమివేసి గొట్టమున జొరబడి చల్లని రేకుపై నీరుగా మారును. మారుటలో గ్రాముకు రెండువేల జౌళ్ళకు మించిన గుప్తోష్ణమును అచ్చట వదలిపోవును. రేకు ఇట్టె వేడెక్కును. మూత తెరచియున్నచో, అంత విశాలమైన రాజమార్గముండగా ఆవిరి ఈ సందుగొందులలో దూరనేల?

ఈ యేర్పాటులోని చమత్కారము సముద్రతీరమున నున్నవారికంటె మెట్టప్రదేశములవారికి బాగుగా తెలియవలెను. నూరు డిగ్రీలన్నది సముద్రమట్టమున మాట. సుమారు 540 మీటర్ల యెత్తున నున్న మా హైదరాబాదులో నీరు 98 డిగ్రీల వద్దనే మరుగును, 3500 మీటర్ల యెత్తునున్న లేహ్ పట్టణమున 88 డిగ్రీలకే తెర్లును. నేను పాఠము చెప్పినట్లు నూరు డిగ్రీలకు ఆగు నియంత్రకమును నీటిలో నమర్చినచో మచిలీపట్నమున నది ఎట్లో నెట్టుకొనివచ్చునేమోగాని, హైదరాబాదులో నీరంతయు ఇగిరిపోవువరకును ఆగదు. పోనీ 95కు సవరింపుమన్నచో సముద్రతీరమున నీరు మరుగకమునుపే ఆగును, లేహ్‌లో ఎన్నటికిని ఆగదు. ఆవిరినే గుర్తుగా పెట్టుకొనిన యంత్రమునకు ఈ బాధ లేదు. ఎచ్చట ఎంత వేడికి మరిగినను మరుగు మరుగే. ఎసరు వచ్చినదా లేదా యని మా అమ్మ యేనాడు ఉష్ణమాపకము పెట్టి చూడలేదు. మూత ఎగురుటయు ఆవిరి చిమ్ముటయు చూచి బియ్యము పోసెడిది. కెటిలు చేయుచున్నదియు ఆ పనియే.

ఇక నా మనస్సును దోచుకొనిన ఆ రేకు. అది రెండు లోహముల పొరలను విడదీయరాకుండ నతికి చేసినది. మీటరు పొడవు ఇత్తడి నూరు డిగ్రీలు వేడెక్కినచో ఇంచుమించు 2 మిల్లీమీటర్లు సాగును, ఉక్కు 1.2 మిల్లీమీటర్లు మాత్రమే సాగును. అట్టి రెంటిని వీపుకు వీపు కట్టివేసినచో ఎక్కువ సాగునది వెలుపలి వంపుగా, తక్కువ సాగునది లోపలి వంపుగా బద్ద యంతయు వంగక తప్పదు. అయితే మెల్లగా వంగెడు బద్ద విద్యుత్ మీటకు పనికిరాదు. రెండు స్పర్శబిందువులు వెండ్రుకవాసి యెడముతో మెల్లమెల్లగా విడివడుచున్నచో నడుమ నిప్పురవ్వ లేచి వానిని కాల్చివేయును. కావున రేకును పళ్ళెమువలె కొద్దిగా గుంట చేసెదరు. తిరునాళ్ళలో నమ్ము తగరపుకప్పను మీ రెరుగుదురు: కడుపున నొక్కినచో కొంతవరకు లొంగదు, ఒక్కసారిగా టక్కుమని లోపలికి పోవును, వదలినచో టక్కున తిరిగివచ్చును, నడిమి స్థితిలో నిలుచుట దానికి చేతకాదు. కెటిలులోని రేకు వేలికి మారుగా వేడి నొక్కెడు తగరపుకప్ప. నూరు డిగ్రీలకు చాల దిగువనే దాని గుంట తిరుగబడునట్లు ముందే సవరించియుందురు. తిరుగబడినప్పుడు మీటను తన్నును. మరల యథాస్థితికి వచ్చుటకు ఇంకను చల్లబడవలసియుండును గనుకనే, ఆగిన వెంటనే మీట నొక్కినచో కెటిలు కొంతసేపు మొండికేయుచున్నది. చెడిపోయినదని దానిని మొట్టువారిని నేను చూచితిని. అడుగుపళ్ళెమునకు ఆనుకొని యిట్టిదే మరియొక రేకు కలదు. నీరులేని కెటిలు మితిమీరి వేడెక్కినచో అది తన్నును. దానికి మరుగుతో పనిలేదు, ప్రమాదముతోనే పని. మూత తెరచి మరచిన యింటిని కాపాడునది యదియే.

జంటలోహపు బద్ద వయస్సు చాల పెద్దది. సముద్రముపై ఓడలు తమ రేఖాంశమును తెలిసికొనుటకు తగిన గడియారమును చేయ సంకల్పించిన జాన్ హారిసన్ అను ఆంగ్లేయుడు, పదునెనిమిదవ శతాబ్దమున, తన మూడవ యంత్రముతో పందొమ్మిది సంవత్సరములు కుస్తీ పట్టెను. వేసవికి గడియారపు స్ప్రింగు బలము తగ్గి కాలము తప్పుచుండగా, దానిని సరిదిద్దుటకై ఇత్తడిని ఉక్కును జోడించి బద్ద చేసినది ఆ యంత్రముకొరకే. రెండువందల సంవత్సరముల పిమ్మట ఆ బద్ద కెటిలులో ప్రవేశించినది. 1950వ దశకపు నడుమ విలియమ్ రస్సెల్, పీటర్ హాబ్స్ అను ఇరువురు తమ కెటిలులో ఆవిరిని జంటలోహముపైకి మళ్ళించి మీటను తన్నించిరి. తరువాత ఇంగ్లండునకు ఐర్లండునకు నడుమనున్న మాన్ ద్వీపమున జాన్ టేలర్ అను శాస్త్రజ్ఞుడు ఆ రేకును చౌకగా, నమ్మకముగా, కోట్ల సంఖ్యలో చేయదగినదానిగా తీర్చిదిద్దెను. ఇంతకంటె ముచ్చటయైన సంగతి వేరొకటి కలదు: అట్లు గడించిన ధనముతో టేలర్ తాను చదివిన కేంబ్రిడ్జిలోని కార్పస్ క్రిస్టీ కళాశాల గోడకు 2008లో నొక వింత గడియారమును చేయించి పెట్టెను. దానిపై నిమిషములను నమలుచు నడచు పెద్ద మిడుత కూర్చున్నది. హారిసన్ కనిపెట్టిన గడియారపు మీటకు మిడుతమీట యని పేరు. ఆ మిడుత ఆయనకు నివాళి. కెటిలు రేకుతో ధనికుడైనవాడు, ఆ రేకుకు మూలపురుషుడైన వానికి ఋణము తీర్చుకొనిన తీరు నాకెంతయు నచ్చినది.

ఇంతవరకు విద్యుత్ కెటిలునే పొగడి పొయ్యిమీది కూత కెటిలును తక్కువచేసితినని కొందరు నొచ్చుకొనవచ్చును. అదియు ఆవిరినే నమ్ముకొనినది. ఆవిరిచేత పని చేయించుటకు మారుగా కేక వేయించును, అంతే. కొమ్ముకు తొడిగిన యీలలో చిన్న రంధ్రములు గల రెండు పళ్ళెములు, నడుమ కొంచెము ఖాళీ యుండును. మొదటి రంధ్రమున దూసుకొనివచ్చిన ఆవిరిధార రెండవదానిని చేరునప్పటికి తడబడి, వెలుపలికి పోవుచు సుడులు సుడులుగా విడిపోవును. ఆవిరి మందముగా నున్నంతసేపు సీసామూతిపై ఊదినట్టి ఒకేస్థాయి ధ్వని, వేగము హెచ్చిన పిమ్మట ఆ సుడులవలన పిల్లనగ్రోవి వంటి హెచ్చు స్వరము పుట్టును. పందొమ్మిదవ శతాబ్దమున రేలీ ప్రభువు తలపెట్టిన ఈ ప్రశ్నకు 2013లో కేంబ్రిడ్జి యింజనీర్లు హెన్రీవుడ్, అగర్వాల్ కొలతలతో సహా సమాధానము చెప్పిరి. కుక్కరు కూతను దీనితో కలుపరాదు. అది బరువును ఎత్తుకొని బయటపడు ఆవిరి రొదగాని సంగీతము కాదు.

ఏది కొనవలెనను ప్రశ్నకు వచ్చెదను. లీటరు నీటిని 25 డిగ్రీలనుండి నూరు డిగ్రీలకు తెచ్చుటకు 314 కిలోజౌళ్ళు కావలెను. 1500 వాట్ల కెటిలు ఇంచుమించుగా వేడి నంతయు నీటికే యిచ్చును గనుక నాలుగు నిమిషములలో, యూనిట్టులో పదవవంతుతో పని ముగించును. మన గ్యాసుపొయ్యి ప్రమాణపరీక్షలో 68 శాతము చూపవలెనని నియమమున్నను, చిన్న అడుగు కెటిలు ప్రక్కలనుండి మంట ఎగసిపోవుచుండగా ఇంట అంత దక్కదు. అరువది శాతమనుకొన్నను లీటరుకు పదునొకండు గ్రాముల పైచిలుకు గ్యాసు, అనగా 14.2 కిలోల బండకు పండ్రెండువందల లీటర్లు. ఇంతవరకు విద్యుత్తుదే పైచేయి. అయితే ఆ విద్యుత్తు రామగుండములో బొగ్గును మండించి చేసినదైనచో, బొగ్గు వేడిలో మూడింట రెండువంతులు అచ్చటనే పోవుచున్నవి గనుక, లోకమంతటి లెక్కలో పొయ్యియే తక్కువ ఇంధనము తినినది. ఈ మాట దుకాణమున నెవరును చెప్పరు.

అమెరికాలో పొయ్యి కెటిలు ఇంకను నిలుచుటకు ఒక కారణము అచ్చటి 120 వోల్టులు. ఇచ్చటినుండి చదువునకు పోవు మన పిల్లలు పెట్టెలో పెట్టుకొనిపోయిన 230 వోల్టుల కెటిలు అచ్చట సగము పనిచేయునని తలంతురు; శక్తి వోల్టేజి వర్గమును అనుసరించును గనుక 1500 వాట్లు 400 వాట్లకు పడిపోవును, నాలుగు నిమిషముల పనికి పావుగంట పట్టును. ఇచ్చట మనకును ఒక జాగ్రత్త: 1500 వాట్లకు ఆరున్నర ఆంపియర్లు కావలెను, ఆరు ఆంపియర్ల చిన్న సాకెట్టు వేడెక్కును, పవర్ ప్లగ్గుననే పెట్టవలెను.

తక్కిన చరిత్ర క్లుప్తము. తొలి విద్యుత్ కెటిళ్ళలో తాపకము నీటి క్రింద వేరు గదిలో దాగియుండి ఆలస్యమున కాచెడిది. 1922లో బర్మింగ్‌హామున దానిని గొట్టమున పెట్టి నీటిలోనే ముంచిరి. నీరింకినచో ప్లగ్గునే బయటకు నెట్టివేయు కెటిళ్ళు వచ్చినవి. ఎటు త్రిప్పినను కూర్చుండెడు పీఠము వచ్చినది. 1990 ఫుట్‌బాల్ ప్రపంచకప్పులో ఇంగ్లండు, పశ్చిమ జర్మనీల సెమీఫైనల్ ముగియగానే బ్రిటను దేశమంతయు ఒక్కసారి లేచి కెటిళ్ళ మీట లొత్తగా విద్యుత్తు అవసరము 2800 మెగావాట్లు పైకెగసినది.

మా యింట రెండును కలవు. పాలు, తేయాకుపొడి, అల్లము కలిపి కాచు మన టీకి విద్యుత్ కెటిలు పనికిరాదు. పాలు పొంగి, అడుగంటి, ఆవిరిగొట్టమున మీగడ కట్టును (వసతిగృహముల విద్యార్థులు దీనిని అంగీకరింపరు). బోరునీటి సున్నము రెంటికిని పట్టును, చింతపండురసమునకు రెండును లొంగును. కాని మా అమ్మ పెరటివరండాలో కూర్చుండును. టక్కుమను శబ్దము ఆమెకు వినబడదు. "ఇదేమిట్రా, నోరూ వాయీ లేని వస్తువు," అని విద్యుత్ కెటిలును నిరసించి, తన వేడినీళ్ళకు పొయ్యిమీద కూతదానినే పెట్టించుకొనును. వేకువను బడికి పరుగెత్తు నేను విద్యుత్తుదానిని వాడుదును.

పాత కెటిలునుండి ఊడదీసిన రేకును మరునాడు తరగతికి కొనిపోయితిని. గాజుగ్లాసులో మరిగిన నీరు పోయించి, రేకును దారముతో లోనికి జారవిడిచితిని. టక్కుమని అది ఎగిరి గ్లాసు గోడకు తగిలినది. పైకి తీసి, పిల్లలందరును ఊపిరి బిగబట్టి చూచుచుండగా, గాలిలో పట్టుకొని నిలుచుంటిని. కొంతసేపటికి, మేమందరము ఆశ వదలుకొను వేళకు, మరల టక్కుమన్నది. వెనుక బల్ల బాలిక ముందుకు వచ్చి, దారమును నా చేతినుండి తీసికొని, "ఇంకోసారి మాస్టారూ, ఈసారి నేను," అన్నది.